చాకిరేవు బండ

మృత్యుంజయానికి పోలి నిద్ర పట్టనివ్వడం లేదు.

కార్తీకమాసం వెళ్ళిన మర్నాడు, మార్గశిర శుద్ధ పాడ్యమి తెల్లవారుజామున, ఆడవాళ్ళు అరటిదొప్పల్లో దీపాలు పెట్టి గోదావరిలో వదులుతూ ఎవరిని తలచుకుంటారో ఆ పోలి. ఆ పూట రేవులో ఆమె కథ చెప్పించుకోవడం వేములరేవులో ఆచారం. ముప్ఫై ఏళ్ళుగా చెబుతున్నది నరసమాంబగారు. ఈ ఏడు చలి మొదలవగానే ఆవిడ గొంతు పోయింది. మాట గుసగుసగా తప్ప రావడం లేదు.

"ఈసారి నువ్వు చెప్పు" అన్నారు శిష్యుడితో.

నరసమాంబగారికి డెబ్బై దాటాయి. చిన్నప్పుడే భర్త పోతే తండ్రి దగ్గర కూర్చుని భాష్యాలు చదువుకున్నారు. రేవు పక్కన రెండు గదుల పాకలో ఉంటూ, వచ్చినవాళ్ళకి భాగవతమూ ఉపనిషత్తులూ చెప్పేవారు. మృత్యుంజయం రాజమండ్రి కాలేజీలో చరిత్ర చదివి, ఆ చదువు ఆకలి తీర్చక, రెండేళ్ళ కిందట ఆవిడ దగ్గర చేరాడు. తెలివైనవాడు. ఆ సంగతి అతనికీ తెలుసు.

కథ చెప్పమన్న రోజునే అతను అడిగాడు.

"అమ్మగారూ, పోలి నిజంగా ఉండేదా?"

ఆవిడ పీట మీద కూర్చుని వత్తులు చేసుకుంటున్నారు. చెయ్యి ఆపలేదు.

"చెప్పేవాడివి నువ్వు. నీకు తెలియాలి."

"ఉందో లేదో తెలియని మనిషి గురించి నలుగురి ముందు నిలబడి ఎలా చెప్పను?"

"మరయితే వెళ్ళి తెలుసుకో."

అప్పటికి పాడ్యమి రెండు వారాలు ఉంది. మృత్యుంజయం ఒక నోటు పుస్తకం చంకన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళ మీద పడ్డాడు.

మొదటి ఊళ్ళో కుమ్మరి వీరమ్మ అనే ముసలామె చెప్పింది. పోలి చాకలి వాళ్ళింటి కోడలు. నలుగురు కోడళ్ళలో ఆఖరిది. అత్తగారు తక్కిన ముగ్గుర్నీ వెంటబెట్టుకుని రోజూ ఏటికి వెళ్ళి కార్తీక దీపాలు పెట్టేది. పోలిని మాత్రం ఇంటి చాకిరీకి వదిలేసేది. దీపం పెట్టుకుంటుందేమో అని నూనె, వత్తి కూడా దాచేసి వెళ్ళేది. పోలి పెరట్లో రాలిన పత్తి ఏరుకుని వత్తి చేసింది. చల్ల చిలికాక కవ్వానికి అంటుకున్న వెన్న గీరి దీపం వెలిగించింది. అత్త కంట పడకుండా దాని మీద బుట్ట బోర్లించింది. నెల తిరిగేసరికి ఆకాశం నుంచి విమానం దిగింది. అది తమకోసమే అనుకుని అత్త ఎదురెళ్ళింది. విమానం పోలిని ఎక్కించుకుంది. అత్త పోలి కాళ్ళు పట్టుకుంది, అత్త కాళ్ళు పెద్దకోడలు పట్టుకుంది, అలా అందరూ వేలాడితే, విమానంలోని దేవతలు వాళ్ళని విదిలించి కింద పడేశారు.

రెండో ఊళ్ళో కోడళ్ళు నలుగురు కారు, ఏడుగురు. మూడో ఊళ్ళో వెన్న కాదు, ఆముదం. నాలుగో ఊరి అగ్రహారంలో పోలి చాకలిదే కాదు, వైదికుల ఇంటి కోడలు. అయిదో ఊళ్ళో ఒకావిడ, "పడెయ్యడం ఏమిటి నాయనా? పోలి బతిమాలుకుని అత్తగారిని కూడా తీసుకెళ్ళిపోయింది" అంది. అలా అనకపోతే ఆవిడకి మనసొప్పదని ఆవిడ ముఖం చూస్తేనే తెలుస్తోంది.

పుస్తకం నిండింది. మృత్యుంజయానికి అన్నం సయించడం మానేసింది. కూర్చుంటే లేవాలనిపించేది. లేస్తే ఎటు నడవాలో తెలిసేది కాదు. ఇన్ని నోళ్ళలో ఇన్ని రకాలుగా ఉన్నది ఎక్కడా లేనట్టే కదా అని అతని బాధ.

బహుళ అష్టమి నాడు, తిరిగి తిరిగి విసుగెత్తి, ఊరికి దిగువనున్న చాకిరేవు గట్టు మీద కూలబడ్డాడు. కింద నూకాలు బట్టలు ఉతుకుతోంది. నలభై ఏళ్ళ మనిషి. భర్త పోయాక సగం ఊరి బట్టలు ఆమే చూసుకుంటోంది.

"ఏటి బాబుగోరూ, నాలుగు రోజుల్నించీ ఊళ్ళట్టుకుని తిరుగుతన్నారంట. ఏటైనా పోయిందా?"

"పోలి కోసం."

ఆమె నవ్వింది. "పోలి కోసం ఊళ్ళమ్మట తిరగడం దేనికండీ? మా బండ కిందుంది."

"ఏమిటీ?"

"ఈ బండ కింద ఏయో గీతలున్నాయండి. మా మావ సెప్పేవోడు, అది పోలి పేరేనని. నేను సూడ్లేదు. ఓసారి వరదకి బండ తిరగబడితే ఆయన సూశాడంట."

మృత్యుంజయం పంచె ఎగ్గట్టి నీళ్ళలోకి దిగాడు. బండ కింద బురదలోకి చెయ్యి పోనిచ్చి తడిమాడు. వేళ్ళకి అక్షరాలు తగిలాయి.

గడ్డపారలు తెప్పించి నలుగురు మనుషుల చేత ఆ సాయంత్రమే బండ తిరగేయించాడు. నీళ్ళు పోసి కడిగి, పిండి రాసి చూశాడు. పై మూల విరిగిపోయింది. మిగిలినదాంట్లో నాలుగు వరసలు కనిపించాయి. "... చాకలి పోలమ గోదావరి రేవున పెట్టిన దివియ ..." అని ఉంది. ఆ కింద, "ఈ ధర్మువు ఎవ్వరు చెరిచిన ..." అని ఉండి, తర్వాత రాయి లేదు. అక్షరాల తీరు చూస్తే ఆరేడు వందల ఏళ్ళ నాటివి.

అతను పరుగెత్తుకుంటూ పాకకి వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద.

"దొరికింది అమ్మగారూ. పోలి దొరికింది. రాతి మీద పేరుంది."

చెప్పిందంతా నరసమాంబగారు విన్నారు. తర్వాత ఒకటే అడిగారు.

"ఆ రాయి అక్కడేం చేస్తోంది?"

"ఏం చేస్తుందండీ, బోర్లా పడి ఉంది. ఇన్నాళ్ళూ దాని మీద బట్టలు బాదుతున్నారు. అదృష్టం, అక్షరాలు అడుగు వైపున్నాయి కాబట్టి బతికాయి."

ఆవిడ "ఊఁ" అన్నారు. మళ్ళీ వత్తుల పనిలో పడ్డారు.

మర్నాడు మృత్యుంజయం మునసబు దగ్గరికి వెళ్ళాడు. మునసబుకి సంగతి సగం చెప్పేసరికే ఛాతీ పొంగింది. పోలి మా ఊరిది అని మూడు ఊళ్ళు చెప్పుకుంటున్నాయి, ఇప్పుడిక రాతి మీద రాత ఉన్న ఊరు వేములరేవు ఒక్కటే. రెండు జతల ఎడ్లనీ, ఎనిమిది మంది మనుషుల్నీ ఇచ్చాడు. బండని ఊరి మెట్ల రేవుకి చేర్చి, రెండో మెట్టు మీద నిలబెట్టాలని నిర్ణయమైంది.

బండకి మోకులు కడుతున్నప్పుడు నూకాలు గట్టు మీద నిలబడి చూస్తోంది.

"బాబుగోరూ, మరి మాకో?"

గోదావరి లంకల్లో రాయి దొరకదు. ఎంత లోతు తవ్వినా ఒండ్రుమట్టే. ఏ తాతో పడవ మీద తెచ్చుకున్న బండే ఆ ఇంటికి తరతరాలూ ఉతుకుబండ. ఒకరి బండ మీద ఒకరు ఉతకరు. ఆ సంగతి మృత్యుంజయానికి తెలియనిది కాదు.

"రెండు రోజుల్లో ఇంకో రాయి తెప్పిస్తాను. రాజమండ్రికి ఉత్తరం రాస్తున్నాను" అన్నాడు.

"పాడ్యమి దగ్గరకొచ్చేసిందండి. బట్టలు మా సెడ్డగా ఉన్నాయి."

"రెండు రోజులే అన్నాను కదా."

నూకాలు మళ్ళీ అడిగింది. "ఆ పూట మేం కూడా వచ్చి సూడొచ్చాండి?"

"ఎందుకు చూడకూడదు? రండి. చివర నిలబడండి."

బండ కదిలింది. అది ఉన్నచోట నీళ్ళు గుడగుడమంటూ గుంటలోకి దిగాయి.

ఉత్తరం రాయడానికి మృత్యుంజయం ఆ సాయంత్రం కాగితం తీశాడు. కానీ ముందు శాసనం నకలు శుద్ధంగా రాసుకోవాలనిపించింది. నకలు రాస్తుంటే పోలమ ఎవరి కూతురై ఉంటుంది, ఏ రాజు కాలం అయి ఉంటుంది అని ఆలోచన పోయింది. పాత పుస్తకాలు తిరగేశాడు. కథ ఎలా మొదలుపెట్టాలి, ఎక్కడ శాసనం సంగతి ఎత్తాలి, ఏ మాట దగ్గర ఆగాలి అని పాకలో అటూ ఇటూ తిరుగుతూ గొణుక్కున్నాడు. ఇంతకు ముందు పోలి ఉందో లేదో అని నిద్ర పట్టలేదు. ఇప్పుడు ఉందని తెలిసి పట్టడం లేదు.

త్రయోదశి నాడు కరణంగారి భార్య కామాక్షమ్మ నరసమాంబగారిని చూడ్డానికి వచ్చి, వెళుతూ వెళుతూ గుమ్మంలో అంది. "నూకాలికి పొగరెక్కిందమ్మా. పండగ పూట బట్టలు ఇవ్వకుండా తిప్పుతోంది. తెచ్చిన నాలుగూ మట్టి మరకలే."

మృత్యుంజయం విన్నాడు. అతని మనసు శాసనంలో విరిగిన మూల దగ్గర ఉంది. అక్కడ ఏ అక్షరాలు ఉండి ఉంటాయా అని.

అమావాస్య నాడు సాయంత్రం నరసమాంబగారు కర్ర పట్టుకుని బయటికి వెళ్ళారు. చీకటి పడ్డాక వచ్చారు. ఎక్కడికి వెళ్ళారని అతను అడగలేదు.

పాడ్యమి వచ్చింది.

తెల్లవారుజామున రేవంతా మంచు. మంచులో దీపాలు. నాలుగు ఊళ్ళ ఆడవాళ్ళు వచ్చారు, పోలి రాయి చూడ్డానికి. రెండో మెట్టు మీద బండ నిలబెట్టి, పసుపు పూసి, కుంకం బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశారు. అక్షరాలు కనబడేలా మృత్యుంజయం వాటిలో సున్నం నింపాడు. మొలలోతు నీళ్ళలో ఆడవాళ్ళు అరటిదొప్పలు పట్టుకుని ఎదురు చూస్తున్నారు. కథ అయితేగానీ దీపాలు వదలరు.

నరసమాంబగారు లేరు. మృత్యుంజయం నిద్ర లేచేసరికే పాకలో లేరు. ముందే రేవుకి వచ్చి ఉంటారనుకున్నాడు.

"మొదలుపెట్టండి. తెల్లారిపోతోంది" అన్నాడు మునసబు.

"అమ్మగారు రానీయండి."

ఆవిడ దిగువ వీధి వైపు నుంచి వచ్చారు. చంకలో పెద్ద మూట. మూట బరువుకి ఒక పక్కకి ఒరిగిపోయి నడుస్తున్నారు. ఎవరో అందుకోబోతే వద్దన్నట్టు తల ఊపారు. అది విడిచిన బట్టల మూట అని దగ్గరికి వచ్చాక అందరికీ తెలిసింది. మడిలో ఉండగా పసిపిల్లల్ని కూడా తాకని మనిషి ఆవిడ. జనం తోవ ఇచ్చారు.

ఆవిడ మెట్లు దిగి బండ దగ్గర మూట దింపారు. దండ తీసి పక్కన పెట్టారు. దోసిళ్ళతో నీళ్ళు పోసి పసుపు, కుంకం కడిగేశారు. బండని పడుకోబెట్టమని పక్కనున్న ఇద్దరు పాలేళ్ళకి సైగ చేశారు. వాళ్ళు మునసబు వైపు చూశారు. మునసబు కండువా సవరించుకుంటూ పక్కకి తిరిగాడు. అక్షరాలు కిందికి పోయేలా బండని వాల్చారు.

నరసమాంబగారు మూటలోంచి ఒక చీర తీసి, తడిపి, రెండు చేతులతో పైకెత్తి బండ మీద కొట్టారు. చేతుల్లో బలం లేదు. చిన్న చప్పుడైంది. మళ్ళీ ఎత్తారు.

"అమ్మగారూ" అంది కామాక్షమ్మ నీళ్ళలోంచి. "అది పోలి రాయండీ."

ఆవిడ తల ఎత్తి చూసి, అవునన్నట్టు ఊపి, మళ్ళీ కొట్టారు. అప్పుడు కామాక్షమ్మ ఆ చీర అంచు గుర్తుపట్టింది. అది తనదే.

మృత్యుంజయం కిందికి వచ్చాడు. ముఖం ఎర్రబడింది.

"ఏమిటి అమ్మగారూ ఇది? ఇవి ఎవరి బట్టలు?"

ఆవిడ ఏదో అన్నారు. వినబడలేదు. వంగి చెవి దగ్గరగా పెట్టాడు.

"నూకాలు మణికట్టు విరిగింది. నిన్న పొద్దున్న."

"ఎలా?"

"బురదలో తాటిమొద్దు వేసుకుని దాని మీద ఉతుకుతోంది. అది దొర్లింది."

మృత్యుంజయానికి ఉత్తరం రాయడానికి తీసిన కాగితం కళ్ళ ముందు కదిలింది. దాని మీద శాసనం నకలు ఉంది.

"వెళ్ళు" అన్నారు ఆవిడ. "కథ చెప్పాలి కదా. అందరూ చలిలో నిలబడ్డారు."

అతను మెట్లెక్కి పైన నిలబడ్డాడు. వందమంది ముఖాలు అతని వైపు తిరిగాయి. గొంతు సవరించుకున్నాడు.

"అనగనగా ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక చాకలి ఇల్లు. ఆ ఇంటికి నలుగురు కోడళ్ళు. ఆఖరి కోడలు పోలి."

వెనక బట్ట బండకి తగిలిన చప్పుడు.

"కార్తీకమాసం వచ్చింది. తెల్లవారుజామున అత్తగారు తక్కిన కోడళ్ళని పిలిచి, దీపాలు పట్టుకోండి, రేవుకి పోదాం అంది. పోలి కూడా లేచి వచ్చింది. అప్పుడు అత్తగారు పోలితో ఏమందంటే..."

మళ్ళీ చప్పుడు. ఈసారి ఇంకా చిన్నది.

అతను ఆగాడు. జనం చివర, చివర నిలబడమన్న చోట, ఎవరూ లేరు. దిగువ వీధి వైపు ఒక్క దీపం కూడా కదలడం లేదు. ఆడవాళ్ళు తర్వాతి మాట కోసం చూస్తున్నారు. నువ్వు ఇంట్లో ఉండి పని చూసుకో అన్నది వాళ్ళందరికీ తెలిసిన మాటే. అతని నోటికీ వచ్చిన మాటే. పెదవులు కదిలాయి గానీ బయటికి రాలేదు.

అతను మెట్లు దిగాడు. నరసమాంబగారి చేతిలోంచి చీర తీసుకున్నాడు. ఆవిడ జరిగి, మెట్టు మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. వేళ్ళు చలికి నీలం తిరిగి ఉన్నాయి.

అతనికి ఉతకడం రాదు. మొదటి దెబ్బకి నీళ్ళన్నీ తన ముఖానే చిమ్మాయి. రెండోసారి తడిబట్ట వెనక్కి తిరిగి మెడకి చుట్టుకుంది. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. తర్వాత ఎవరూ నవ్వలేదు.

తూర్పు తెల్లబడుతోంది. ఇక ఆగితే లాభం లేదని కుమ్మరి వీరమ్మ తన దొప్ప నీళ్ళలో వదిలి, పక్కనున్న కోడలికి కథ ఎత్తుకుంది. "నలుగురు కోడళ్ళే పిల్లా..."

"నలుగురు కాదు పిన్నీ, ఏడుగురు" అందొకావిడ అవతలి నుంచి.

"వెన్నతోనే కదా వెలిగించింది?"

"మా పుట్టింటి వైపు ఆముదం అంటారు."

అలా గుంపులు గుంపులుగా, ఎవరి కథ వాళ్ళు చెప్పుకుంటూ, దీపాలు వదిలారు. మృత్యుంజయం తల ఎత్తలేదు. అతనికి అన్నీ వినబడుతున్నాయి. ఏదీ రాసుకోవాలనిపించలేదు. కామాక్షమ్మ నీళ్ళలోంచి వచ్చి, మూటలోంచి తన ఇంటి దుప్పటి తీసి, రెండో కొస అతనికి అందించి పిండసాగింది.

మధ్యాహ్నానికి ఎడ్లు వచ్చాయి. బండ తిరిగి దిగువకి వెళ్ళింది. ఈసారి మునసబు రాలేదు.

నూకాలు మణికట్టుకి వెదురుబద్దల కట్టు. గట్టు మీద ఆరేసిన బట్టలు ఒక్కొక్కటీ కుడిచేత్తో పట్టుకుని చూసింది. ముఖం ముడుచుకుంది.

"ఇవి ఉతికినట్టు కాదు బాబుగోరూ. మళ్ళీ ఉతకాలి."

"నేనే ఉతుకుతాను. ఎలాగో చెప్పు. ఆ చెయ్యి నయమయ్యేదాకా రోజూ వస్తాను."

ఆమె అతని వైపు అనుమానంగా చూసింది. నరసమాంబగారు గట్టు మీద కర్ర ఆనించుకుని కూర్చున్నారు.

మనుషులు బండని పాత గుంటలోకి దింపబోతూ ఆగారు. వాళ్ళలో పెద్దవాడు అడిగాడు. "రాత ఏ పక్కకండీ? పైకుంటే నలుగురూ సూస్తారు."

అందరూ మృత్యుంజయం వైపు చూశారు. అక్షరాల్లో సున్నం ఇంకా తెల్లగా ఉంది.

"రాత పైనుంటే బట్టలు సిరుగుతాయండి" అంది నూకాలు మెల్లగా.

"కిందికే" అన్నాడు మృత్యుంజయం.

బండ దిగింది. అక్షరాలు బురదలోకి వెళ్ళిపోయాయి. నూకాలు నీళ్ళలోకి దిగి, కట్టు తడవకుండా చెయ్యి పైకి పట్టుకుని, ఒక కాలు బండ మీద వేసి చూసింది.

"ఈ మూల కదుల్తందండి."

మృత్యుంజయం మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గట్టు మట్టి దోసిళ్ళతో తెచ్చి ఆ మూల కింద కూరాడు. గుప్పెడు గుప్పెడుగా, వేళ్ళతో లోపలికి నొక్కుతూ. ఆమె మళ్ళీ కాలు వేసింది. ఇంకా కదిలింది. అతను మళ్ళీ తెచ్చాడు.

నూకాలు ఈసారి రెండు కాళ్ళతో బండ ఎక్కి నిలబడింది. బరువు ఈ పక్కకీ ఆ పక్కకీ మార్చి చూసింది.

"ఇంక కదల్దు" అంది.

మృత్యుంజయం చేతులు మట్టిలోంచి తీయకుండా కాస్సేపు అలాగే ఉండిపోయాడు.